గ్రాఫిక్స్ కార్డు ఒక్కటే చూసి గేమింగ్ కంప్యూటర్ కొనమనడం సరికాదు

సంపాదకులకు నమస్కారం.

మీ పత్రిక సాంకేతిక పేజీలో ఇటీవల వచ్చిన గేమింగ్ కంప్యూటర్ల వ్యాసంలో, ఖర్చు పెట్టదలచిన మొత్తంలో సగం గ్రాఫిక్స్ కార్డుకే కేటాయించాలనీ, ప్రాసెసర్ ఏదో ఒక ఆరు కోర్లది (లోపల ఆరు లెక్కల యూనిట్లు ఉన్నది) అయితే చాలనీ సలహా ఇచ్చారు. కథా ప్రధానమైన ఆటలను పెద్ద తెర మీద, దృశ్య నాణ్యత పూర్తిగా పెంచుకుని ఆడేవారికి ఈ మాట చాలావరకు పనికొస్తుంది. కానీ పాలిటెక్నిక్‌లో హార్డ్‌వేర్ ల్యాబ్ చూసే అధ్యాపకుడిగా నా దగ్గరికి సలహాకు వచ్చే విద్యార్థులలో చాలామంది ఆడేది వాలరెంట్, కౌంటర్ స్ట్రైక్ 2 వంటి పోటీ షూటింగ్ ఆటలు. వాటి విషయంలో ఈ సలహా దాదాపు తలకిందులు. అందుకే కొంత వివరంగా రాయవలసి వస్తోంది.

ముందుగా ఒక అపోహ తొలగించాలి. మన రెండు రాష్ట్రాలలో ‘ఆన్‌లైన్ ఆట’ అనగానే పెద్దలకు డబ్బు పెట్టి ఆడే పేకాట యాప్‌లే గుర్తొస్తాయి. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించినవి అలాంటి పందెపు ఆటలను. నేను ప్రస్తావిస్తున్నవి వేరు. వాటిని ఈ-స్పోర్ట్స్‌గా, అంటే కంప్యూటర్ మీద ఆడే పోటీ క్రీడలుగా, కేంద్రం 2022 డిసెంబరులోనే క్రీడల శాఖ పరిధిలోకి తెచ్చింది. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం కూడా డబ్బు ఆటలను నిషేధిస్తూనే ఈ-స్పోర్ట్స్‌ను విడిగా గుర్తించింది. ఇలాంటి ఆట కోసం తల్లిదండ్రులు వాయిదాల మీద డెబ్బై, ఎనభై వేలు పెడుతున్నప్పుడు ఆ డబ్బు ఏ భాగం మీద పడాలన్నది చిన్న విషయం కాదు.

తెర మీద కనిపించే ప్రతి ఫ్రేము (ఒక్కో నిశ్చల బొమ్మ) వెనుక రెండు పనులుంటాయి. ఆటగాడి మౌస్ ఎటు కదిలింది, ఎదుటివారు ఎక్కడున్నారు, సర్వర్ నుంచి ఏ సమాచారం వచ్చింది, తూటా తగిలిందా లేదా అన్నవన్నీ లెక్కగట్టి, ఏమేం గీయాలో ఆదేశాల జాబితా తయారు చేసేది ప్రాసెసర్. ఆ జాబితా ప్రకారం బొమ్మ గీసేది గ్రాఫిక్స్ కార్డు. ఈ రెండింటిలో ఏది నెమ్మదిస్తే మొత్తం వేగం అంతే. పెళ్లి పంక్తిలో వడ్డించేవారు ఎంత చురుకైనవారైనా వంటశాల నుంచి గిన్నె వచ్చేదాకా నిలబడవలసిందే కదా! ప్రాసెసర్ ఒక ఫ్రేముకు 5 మిల్లీసెకండ్లు తీసుకుంటోందనుకుందాం. సెకనుకు 200 ఫ్రేములకు మించి రావు. గ్రాఫిక్స్ కార్డుకు రెండున్నర మిల్లీసెకండ్లే చాలినా, దాని స్థానంలో ఇంకా ఖరీదైన కార్డు పెట్టి ఆ సమయాన్ని ఒక మిల్లీసెకండుకు తగ్గించినా, ఆ 200 మాత్రం కదలదు.

పోటీ షూటింగ్ ఆటలలో ప్రాసెసరే ఎందుకు వెనుకబడుతుంది? వాలరెంట్‌ను 2020 జూన్‌లో విడుదల చేసిన రయట్ గేమ్స్ సంస్థ దానిని పాత కంప్యూటర్లలోనూ నడిచేలా రూపొందించింది. అప్పట్లో ప్రకటించిన కనీస అర్హతలో ఉన్నది ఇంటెల్ హెచ్‌డీ 4000, అంటే విడిగా కార్డే లేకుండా ప్రాసెసర్‌లో కలిసి వచ్చే పాత గ్రాఫిక్స్. బొమ్మ అంత తేలికైనప్పుడు నేటి మధ్యస్థాయి కార్డు కూడా తన పనిని క్షణంలో ముగించి ఖాళీగా కూర్చుంటుంది. పైగా పోటీ ఆడేవారు నీడలు, ఉపరితలాల వివరాలు అన్నీ కనిష్ఠానికి తగ్గించి ఆడతారు. అలా తగ్గించినప్పుడు కార్డు భారం తగ్గుతుందే గానీ ప్రాసెసర్ చేసే లెక్కలు పెద్దగా తగ్గవు. పది మంది ఆటగాళ్ల కదలికలు, శబ్దాలు, సర్వర్‌తో సంభాషణ నాణ్యత ఎంతున్నా ఒకటే. 2023 సెప్టెంబరులో వచ్చిన కౌంటర్ స్ట్రైక్ 2 దాని ముందు ఆట కన్నా రెండు భాగాల మీదా ఎక్కువ భారం వేస్తుంది. అందులో పొగ బాంబులు వేసినప్పుడు కార్డుకూ కొంత పని పడుతుంది. అయినా తక్కువ నాణ్యతలో, 1080 పిక్సెళ్ల ఎత్తున్న తెర మీద ఆడేవారికి ముందుగా అడ్డుపడేది ఎక్కువగా ప్రాసెసరే.

ఇంట్లోనే తేల్చుకోవడానికి ఒక తేలిక పరీక్ష ఉంది. 1920×1080 తెరలో సుమారు 20.7 లక్షల పిక్సెళ్లుంటాయి. కౌంటర్ స్ట్రైక్ ఆటగాళ్లు చాలామంది వాడే 1280×960లో సుమారు 12.3 లక్షలే. మొదటి దాని నుంచి రెండో దానికి మారినా ఫ్రేముల సంఖ్య దాదాపు అలాగే ఉంటే, అడ్డు గ్రాఫిక్స్ కార్డు కాదని నిర్ధారణ అయినట్టే. ఆ కంప్యూటర్‌కు కొత్త కార్డు కొనిపెట్టినా ఆటలో తేడా కనిపించదు.

ఇక ప్రాసెసర్ అంటే కోర్ల సంఖ్య, గిగాహెర్ట్జ్ అని మాత్రమే మీ వ్యాసం చూసింది. ఈ ఆటల ప్రధాన లెక్క ఎక్కువగా ఒకటి రెండు కోర్ల మీదే వరుసగా నడుస్తుంది. ఒక దశ తేలకుండా తర్వాతి దశ మొదలవదు గనుక పన్నెండు, పదహారు కోర్లు ఉన్నా మిగిలినవి చూస్తూ ఉండిపోతాయి. ఆ వరుస లెక్కలో ప్రాసెసర్‌ను ఎక్కువగా ఆపేది ర్యామ్ కోసం ఎదురుచూపు. ఆటగాళ్ల స్థానాలు, వస్తువుల వివరాలు మెమరీలో చెల్లాచెదురుగా ఉంటాయి. కావలసిన వివరం ప్రాసెసర్ లోపలే ఉండే చిన్న, వేగవంతమైన క్యాష్ మెమరీలో దొరకకపోతే బయటి ర్యామ్ దాకా వెళ్లి తెచ్చుకోవాలి. అలా వెళ్లిన ప్రతిసారీ వందల క్లాక్ చక్రాలు (ప్రాసెసర్ పనిచేసే అడుగులు) వృథా అవుతాయి.

దీనికి ఏఎండీ సంస్థ 2022 ఏప్రిల్‌లో తెచ్చిన రైజెన్ 7 5800ఎక్స్3డీ మంచి ఉదాహరణ. అంతకుముందే ఉన్న 5800ఎక్స్‌కూ దీనికీ కోర్లు ఎనిమిదే. వేగం చూస్తే కొత్తదే తక్కువ. పాతది గరిష్ఠంగా 4.7 గిగాహెర్ట్జ్ చేరితే కొత్తది 4.5 దగ్గరే ఆగుతుంది. కాని మూడో స్థాయి క్యాష్ (క్యాష్ పొరలలో అన్నిటికన్నా పెద్దది) పాతదానిలో 32 మెగాబైట్లుంటే, కొత్తదానిలో దాని మీద ఇంకో 64 మెగాబైట్ల పొర అంటించి 96 చేశారు. ఆ ఒక్క మార్పుతో, తక్కువ వేగంతో నడిచే ప్రాసెసరే ఆటలలో ముందుకు వచ్చింది. 2023లో 7800ఎక్స్3డీ, 2024 నవంబరులో 9800ఎక్స్3డీ అదే దారిలో వచ్చాయి. పోటీ ఆటగాళ్లు వీటిని వెతుక్కుంటూ వెళ్లడానికి కారణం ప్రకటనల హోరు కాదు, ఈ క్యాషే.

అంత ఖరీదైనది అందరూ కొనలేరు. తక్కువ ధరలోనూ ఈ సూత్రం వర్తిస్తుందని మాత్రం తెలియాలి. రైజెన్ 5 5600, 5600జీ, 5500 పేర్లు చూస్తే కవల పిల్లల్లా ఉంటాయి. మూడూ ఆరు కోర్లవే. 5600లో మూడో స్థాయి క్యాష్ 32 మెగాబైట్లు, మిగతా రెండింటిలో 16 మాత్రమే. పైగా ఆ రెండూ గ్రాఫిక్స్ కార్డుతో మదర్‌బోర్డు మీద ఉండే పాత తరం పీసీఐ 3.0 సమాచార మార్గంలోనే మాట్లాడతాయి. ఆర్‌టీఎక్స్ 4060 వంటి కార్డుకు ఆ మార్గంలో కంపెనీ ఎనిమిది లేన్లే (వరుసలే) ఇచ్చింది, ఆర్‌ఎక్స్ 6500 ఎక్స్‌టీకి నాలుగే. ఈ కార్డులను పాత మార్గం మీద నడిపితే ఆ ఇరుకు దారి సామర్థ్యం సగానికి పడిపోతుంది. 6500 ఎక్స్‌టీలో మెమరీ కూడా 4 గిగాబైట్లే గనుక దెబ్బ ఇంకా గట్టిగా తగులుతుంది. కొన్నేళ్ల కిందటి కార్డుల కొరత కాలంలో, ‘ఇప్పటికి ఇందులో ఉన్న గ్రాఫిక్స్‌తో సర్దుకుని, తర్వాత కార్డు వేసుకుందాం’ అని ప్రాసెసర్‌లోనే గ్రాఫిక్స్ కలిసి ఉన్న 5600జీ కొన్న కుటుంబాలు చాలానే ఉన్నాయి. ఆ నిర్ణయం అప్పటికి తప్పేమీ కాదు. కొత్తగా కార్డుతో సహా కొనేవారికి మాత్రం ఇవాళ దానినే అంటగట్టడం అన్యాయం.

మా విద్యార్థి ఒకరి కంప్యూటర్ సంగతి చెబితే విషయం స్పష్టపడుతుంది. నగరంలోని ఒక దుకాణం ‘హై ఎండ్ గేమింగ్ పీసీ’ అని బిల్లు మీదే రాసి ఇచ్చింది. పెట్టెకు అద్దం తలుపు, రంగు దీపాలు, లోపల ఆర్‌టీఎక్స్ 4060. వాలరెంట్‌లో ఎదురుదాడి మొదలైనప్పుడల్లా తెర కుదుపులకు గురవుతోందని, కార్డు పాడైందేమోనని ల్యాబ్‌కు తీసుకొచ్చాడు. ఆట సెట్టింగులలోనే గణాంకాలు చూపే భాగం ఉంటుంది, అది ఆన్ చేసి ఆడించాను. ఫ్రేముకు కార్డు తీసుకుంటున్న సమయం చాలా తక్కువ, దాని వాడకం సగానికి కూడా చేరడం లేదు. తలుపు తీసి చూస్తే ప్రాసెసర్ 5600జీ, ర్యామ్ 16 గిగాబైట్ల ముక్క ఒకే ఒకటి. ఆ ముక్క మీద 3200 అని ముద్రించి ఉంది, బయోస్‌లో (కంప్యూటర్ మొదలయ్యేటప్పటి మూల సెట్టింగులలో) చూస్తే 2400 దగ్గర నడుస్తోంది. ర్యామ్‌ను దాని ముద్రిత వేగంతో నడిపే ఎక్స్‌ఎంపీ అనే ఒక్క మీట నొక్కి ఇవ్వవలసిన పనిని దుకాణంవారు చేయలేదు. సెకనుకు 165 సార్లు బొమ్మ మార్చగల 165 హెర్ట్జ్ మానిటర్‌ను విండోస్ 60 దగ్గరే నడుపుతోంది. ర్యామ్ మీట నొక్కి, అలాంటి ముక్క ఇంకొకటి జతచేసి, మానిటర్ వేగం సరిచేశాక కుదుపులు చాలావరకు పోయాయి. గ్రాఫిక్స్ కార్డును ముట్టుకోలేదు.

ర్యామ్ రెండు ముక్కలుగా ఉంటే ప్రాసెసర్‌కు మెమరీతో రెండు దారులుంటాయి, ఒక్కటే అయితే ఒకే దారి. క్యాష్ తక్కువగా ఉన్న ప్రాసెసర్‌కు ఈ దెబ్బ మరింత గట్టిగా తగులుతుంది, ఎందుకంటే అది ర్యామ్ దాకా వెళ్లవలసిన సందర్భాలే ఎక్కువ. 2025 చివరి నుంచి మెమరీ ధరలు బాగా పెరగడంతో ఒక్క ముక్కతో సరిపెట్టే అలవాటు దుకాణాలలో ఇంకా పెరిగేలా ఉంది. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో నాలుగు దుకాణాలు తిరిగి కొటేషన్లు తీసుకునే వారెవరైనా ‘ర్యామ్ ఎన్ని ముక్కలు, ఎంత వేగం’ అన్న ప్రశ్న తప్పక అడగాలి.

సగటు ఎఫ్‌పీఎస్ (సెకనుకు వచ్చే ఫ్రేముల) అంకె కూడా మోసం చేస్తుంది. సగటున 250 ఫ్రేములు వస్తున్నాయని చూపించే కంప్యూటర్, ఐదుగురూ ఒకేచోట తలపడి బాంబులు పేలుతున్న ఆ రెండు సెకన్లలో 90కి పడిపోతే ఆటగాడికి మిగిలేది ఆ 90 మాత్రమే. అందుకే పరీక్షించేవారు ‘ఒక శాతం కనిష్ఠం’ అనే లెక్కను విడిగా ఇస్తారు. నెమ్మదిగా వచ్చిన ఒక శాతం ఫ్రేముల తీరును అది చూపిస్తుంది. ప్రాసెసర్, క్యాష్, ర్యామ్ బాగున్నాయా లేదా అన్నది బయటపడేది ఆ అంకెలోనే. 144 హెర్ట్జ్ మానిటర్ ప్రతి 6.9 మిల్లీసెకండ్లకు, 240 హెర్ట్జ్‌ది 4.2 మిల్లీసెకండ్లకు ఒక కొత్త బొమ్మ అడుగుతుంది. ఆ గడువును కంప్యూటర్ రద్దీ సమయంలో కూడా అందుకోగలదా అన్నదే చూడవలసింది. ‘పింగ్ ముఖ్యం గానీ ఇదంతా ఎందుకు’ అని కొందరంటారు. ముంబై సర్వర్ దాకా సమాచారం వెళ్లి వచ్చే సమయం, అంటే పింగ్, ఒకటి, కంప్యూటర్ లోపల జరిగే ఆలస్యం మరొకటి. రెండూ కలిసే ఆటగాడి మీద పడతాయి, ఒకటి తగ్గితే రెండోది మాయం కాదు.

ఇంటర్నెట్‌లో దొరికే ‘బాటిల్‌నెక్ శాతం’ (ఒక భాగం మరొకదానిని ఎంత అడ్డుకుంటుందనే) లెక్కలను నమ్మి కంగారుపడేవారినీ చూస్తున్నాను. ఈ ప్రాసెసర్, ఈ కార్డు కలిస్తే ఇంత శాతం నష్టం అని ఏ ఆట, ఏ తెర, ఏ నాణ్యత అని అడగకుండానే చెప్పే అంకెకు అర్థం లేదు. ఒకే జత వాలరెంట్‌లో ప్రాసెసర్ దగ్గర ఆగుతుంది, దృశ్యాలు భారీగా ఉండే సైబర్‌పంక్ 2077 ఆటను 4కె తెర మీద ఆడితే కార్డు దగ్గర ఆగుతుంది. ఇంకో మాట. పోటీ ఆటలో కార్డు వాడకం 99 శాతం చూపించాలని కోరుకోవడమే పొరపాటు. కార్డు పూర్తిగా నిండిపోయినప్పుడు ప్రాసెసర్ సిద్ధం చేసిన ఫ్రేములు దాని ముందు వరుస కడతాయి. మౌస్ నొక్కిన క్షణానికీ తెర మీద తూటా పేలిన క్షణానికీ మధ్య దూరం పెరుగుతుంది. గ్రాఫిక్స్ కార్డుల సంస్థ ఎన్విడియా 2020లో తెచ్చిన రిఫ్లెక్స్ అనే సౌకర్యం పని ఈ వరుసను తగ్గించడమే. వాలరెంట్‌లోనూ కౌంటర్ స్ట్రైక్ 2లోనూ అది ఉంది. కార్డు కొంచెం ఊపిరి తీసుకుంటూ నడవడం ఇక్కడ మేలు. అయితే ఎప్పుడూ నలభై శాతం దగ్గరే తిరిగే కార్డుకు అదనంగా పోసిన డబ్బు మాత్రం వృథాయే.

ఇంటెల్ ప్రాసెసర్ల మీద ఉండే ఐ7 అనే మాటకు మన మార్కెట్లో ఇంకా మంత్రశక్తి ఉంది. 2013 నాటి నాలుగో తరం ఐ7 పాత ఆఫీసు కంప్యూటర్‌లో ఒక కార్డు దూర్చి ‘ఐ7 గేమింగ్’ అని అమ్ముతున్నారు. 2022లో వచ్చిన ఐ3-12100ఎఫ్ నాలుగు కోర్లతోనే దానిని ఆటలలో దాటేస్తుంది. అంతకన్నా పెద్ద చిక్కు ఇంకొకటుంది. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. ఆ పాత ప్రాసెసర్ విండోస్ 11 అర్హుల జాబితాలో లేదు, వాలరెంట్ విండోస్ 11 మీద టీపీఎం 2.0, సెక్యూర్ బూట్ అనే భద్రతా ఏర్పాట్లు ఉండాలంటుంది. పిల్లవాడు ఆడుకోవడానికి కొన్న యంత్రంలో ఆటే తెరుచుకోకపోవచ్చు. దీనికి భిన్నంగా, ఏఎండీ ప్రాసెసర్లు అమరే ఏఎం4 రకం, 2017 తర్వాతి మదర్‌బోర్డు ఇంట్లో ఉన్నవారు బయోస్ నవీకరించి 5600 గానీ, 96 మెగాబైట్ల క్యాష్ ఉన్న 5700ఎక్స్3డీ గానీ వేసుకోవచ్చు. కొనేముందు తమ బోర్డు పేరుతో తయారీదారు జాబితా చూసుకుంటే చాలు. కొత్త కార్డు కన్నా ఇది చాలామందికి ఎక్కువ ఫలితమిచ్చే ఖర్చు.

ల్యాప్‌టాప్‌ల గురించి క్లుప్తంగా. ఆర్‌టీఎక్స్ 4060 అన్న పేరు ఒకటే అయినా ల్యాప్‌టాప్ తయారీదారు దానికి 35 వాట్ల నుంచి 115 వాట్ల వరకు ఎంతైనా ఇవ్వవచ్చు. కార్డును నేరుగా తెరకు కలిపే మక్స్ స్విచ్ లేని ల్యాప్‌టాప్‌లో కార్డు గీసిన ప్రతి ఫ్రేమూ ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్ గుండా తెరకు వెళ్తుంది. సెకనుకు వందల ఫ్రేములు కోరే ఆటలలో ఈ చుట్టుదారి భారమే. మే నెలలో మన గదుల వేడికి సన్నని ల్యాప్‌టాప్ ప్రాసెసర్ తన వేగం తానే తగ్గించుకోవడం వీటికి అదనం.

లోపం ఎక్కడుందో చెప్పడం ఎంత కష్టమో 2024లో ప్రపంచమంతా చూసింది. ఇంటెల్ 13, 14 తరాల పెద్ద ప్రాసెసర్లు ఉన్న కంప్యూటర్లలో ఆటలు మధ్యలో ఆగిపోయి, ‘వీడియో మెమరీ చాలడం లేదు’ అన్న సందేశం వచ్చేది. చూసినవారంతా గ్రాఫిక్స్ కార్డును అనుమానించారు. కారణం ప్రాసెసర్‌కు అందుతున్న అధిక వోల్టేజీ వల్ల అది క్రమంగా దెబ్బతినడం. ఇంటెల్ మైక్రోకోడ్ (ప్రాసెసర్ లోపలి ఆదేశాల) సవరణలు విడుదల చేసి, వారంటీని రెండేళ్లు పొడిగించింది. ఆ తరాల ఐ7, ఐ9 ప్రాసెసర్లను సెకండ్ హ్యాండ్‌లో కొనేవారు బయోస్ నవీకరించారో లేదో, వారంటీ ఎంత మిగిలిందో అడిగి తెలుసుకోవాలి.

తెర మార్చుకునేవారికి లెక్క మారుతుందని కూడా చెప్పాలి. 2560×1440 తెరలో పిక్సెళ్లు సుమారు 36.9 లక్షలు, 4కెలో 82.9 లక్షలు. అక్కడ బరువు కార్డు వైపు జరుగుతుంది, మీ వ్యాసకర్త సలహా సబబవుతుంది. మీ వ్యాసంలో ఆ తేడా ప్రస్తావన లేకపోవడమే నా అభ్యంతరం.

కాబట్టి నావి రెండు విన్నపాలు. ఒకటి, ఇకపై ఇలాంటి సలహా వ్యాసాలలో ఏ ఆటకు, ఏ తెరకు, ఎన్ని హెర్ట్జ్‌లకు చెబుతున్నారో స్పష్టంగా రాయించండి. వీలైతే ఒకే కార్డును రెండు ప్రాసెసర్లతోనూ, ఒకే ప్రాసెసర్‌ను రెండు కార్డులతోనూ నడిపి, సగటుతో పాటు ఒక శాతం కనిష్ఠాన్నీ పట్టికగా ప్రచురించండి. రెండు, మీ జిల్లా పేజీలలో వచ్చే గేమింగ్ కంప్యూటర్ల ప్రకటనలలో ‘ఐ5’, ‘రైజెన్ 5’ అని వదిలేయకుండా ప్రాసెసర్ పూర్తి నమూనా సంఖ్య, ర్యామ్ ముక్కల సంఖ్య, వేగం ముద్రించవలసిందిగా ప్రకటనకర్తలను కోరండి. ఈలోగా కొనబోయే తల్లిదండ్రులు బిల్లు కట్టకముందే, పిల్లలు ఆడే ఆటనే దుకాణంలో పది నిమిషాలు ఆడించి చూపమని అడగవచ్చు. ఫ్రేముల అంకెలు తెర మీద చూపించడానికి దుకాణదారుకు అదనంగా కొనవలసిన సామాను ఏదీ లేదు.

ఇట్లు,
కంప్యూటర్ హార్డ్‌వేర్ అధ్యాపకుడు,
హనుమకొండ.